అనుభవానికి లెక్క కట్టిన ఆటలు

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి అమెరికాలో ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధ క్రీడ నియమాలు అచ్చు వేయించారు. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు నిలబెట్టి, పాచికలు వేసి, మధ్యయుగపు యుద్ధాలు ఆడుకునేవాళ్ల కోసం రాసిన నియమాలవి. అందులో ‘హీరో’ అనే బొమ్మ నలుగురు సైనికుల పెట్టు. ‘సూపర్ హీరో’ ఎనిమిది మంది పెట్టు. ఎంత బలంతో బల్ల ఎక్కిందో అంతే బలంతో దిగేది. దానికి పెరగడమంటూ లేదు.

మినియాపొలిస్ ప్రాంతంలో డేవ్ ఆర్నెసన్ నడిపిన ‘బ్లాక్‌మూర్’ ఆట వేరు. అక్కడ ఆటగాడి చేతిలో సైన్యం ఉండదు, ఒక్క మనిషే ఉంటాడు. వాడు ఈసారి బతికి బయటపడితే వచ్చేసారి మళ్లీ వాడే వస్తాడు. అలా ఒకే పాత్రతో కొన్నాళ్లు తిరిగాక ‘వీడు ఇన్ని చూశాడు కదా, ఇంకా ఏమీ నేర్చుకోలేదా’ అని అనిపించక మానదు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ కలిసి తెచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడిపే బల్ల ఆట) దీనికి ఒక పట్టికతో జవాబు చెప్పింది. మామూలు సైనికుడికీ హీరోకీ మధ్య మెట్లు కట్టింది. ఆ మెట్టు పేరే లెవెల్. అందులో నాలుగో లెవెల్ యోధుడి బిరుదు హీరో, ఎనిమిదో లెవెల్ వాడి బిరుదు సూపర్ హీరో. నలుగురి పెట్టు, ఎనిమిది మంది పెట్టు అన్న పాత లెక్కే అక్కడ మెట్ల సంఖ్య అయింది.

ఆ పట్టికలో యోధుడి వరస ఇలా ఉంటుంది. రెండో లెవెల్‌కు ఆడుతూ సంపాదించే అనుభవ పాయింట్లు 2,000. మూడుకు 4,000. నాలుగుకు 8,000. తర్వాత 16,000, 32,000, 64,000. ప్రతి మెట్టుకూ అంతకుముందు కూడబెట్టిన దానికి రెట్టింపు కావాలి. ఈ రెట్టింపు దగ్గర కాసేపు ఆగాలి. ఆటలో సరదా పోకుండా ఉండేందుకు వేసిన లెక్కలా కనిపించినా, మనుషులు నిజంగా పని నేర్చుకునే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంది.

1936లో టి. పి. రైట్ అనే అమెరికన్ ఇంజనీర్ విమానాల తయారీ ఖర్చుల మీద ఒక పరిశీలన ప్రచురించాడు. అప్పటిదాకా కట్టిన విమానాల మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని గమనించాడు. పదో విమానం నుంచి ఇరవయ్యో విమానానికి వచ్చిన లాభం మళ్లీ రావాలంటే నలభయ్యో విమానం దాకా పోవాలి. 1959లో క్రాస్‌మన్ అనే పరిశోధకుడు చుట్టల ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసే కార్మికులను గమనిస్తే అక్కడా ఇదే ధోరణి. లక్షల చుట్టలు చేసి, ఏళ్లు గడిచాక కూడా వాళ్ల వేగం పెరుగుతూనే ఉంది. కాకపోతే పెరిగేది రానురాను తక్కువ. చివరికి యంత్రం అంతకన్నా వేగంగా తిరగలేని చోట మాత్రమే ఆగింది. నేర్పు ఒక మెట్టు ఎక్కాలంటే అనుభవం రెట్టింపు కావాలన్న 1974 నాటి పట్టికను గీతగా గీస్తే కనిపించేది కూడా ఈ వంపే.

అయితే వంపు ఒక్కటే ఆటను నడిపించదు. పాయింట్లు దేనికి ఇస్తున్నారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఏ పనికి పాయింట్లు ఇస్తే ఆటగాళ్లు ఆ పనే చేస్తారు. ఆట స్వభావం అక్కడే తేలిపోతుంది.

తొలినాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాయింట్లు ఎక్కువగా వచ్చేది బంగారం వల్ల. నేలమాళిగ నుంచి ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక పాయింటు. 1981లో వచ్చిన బేసిక్ నియమాల ప్రకారం ఓర్క్ అనే ఒక రాక్షసుణ్ని చంపితే వచ్చేవి 10 పాయింట్లు. అంటే యోధుడు ఒంటరిగా, కేవలం చంపుతూ రెండో లెవెల్‌కు చేరాలంటే 200 మంది ఓర్క్‌లతో తలపడాలి. యోధుడు ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే ప్రాణబలం చూస్తే ఎనిమిది ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే వచ్చినంత. ఎదుటివాడు కొట్టే దెబ్బ ఆరు ముఖాల పాచిక వేస్తే వచ్చినంత. రెండు దెబ్బలు సరిగ్గా తగిలితే మనవాడి పని అయిపోయినట్టే. అదే 2,000 నాణేల పెట్టె ఒకటి సడీచప్పుడు లేకుండా బయటికి లాగితే లెవెల్ వచ్చేస్తుంది. ఈ లెక్క అర్థమైన ఆటగాడు కత్తి దూయడం మానేసి, కాపలావాళ్లకు లంచం ఇవ్వడం, తాడు వేసి వెనక కిటికీలోంచి దిగడం, ప్రమాదం ఎదురైతే పరుగు లంకించుకోవడం మొదలుపెడతాడు. బంగారం పోగేస్తే కత్తి తిప్పడం ఎలా వస్తుందని ఈ నియమాన్ని తప్పుపట్టేవాళ్లు చాలామంది. నా దృష్టిలో మాత్రం ఇది ఆటల చరిత్రలో వచ్చిన గొప్ప ఆలోచనల్లో ఒకటి. దారి ఏదైనా సరే, ఫలితానికి పాయింటు ఇచ్చింది. దాంతో ఆటగాడి బుర్రకు పని పడింది.

1974 నియమాల్లోనే ఇంకో జాగ్రత్త ఉంది. ఎనిమిదో లెవెల్ పాత్ర నేలమాళిగలో ఐదో అంతస్తులో తిరిగి పాయింట్లు సంపాదిస్తే, అందులో ఎనిమిదింట ఐదు వంతులే లెక్కకు వస్తాయి. తేలికైన చోట కూర్చుని పాయింట్లు నూరుకోవడాన్ని ఇప్పటి కుర్రాళ్లు గ్రైండింగ్ అంటారు. దానికి అడ్డుకట్ట మొదటి పుస్తకాల్లోనే పడిందన్నమాట. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ బంగారం లెక్కను ఐచ్ఛికం చేసింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ సవాళ్లను దాటడానికే పాయింట్లు పెట్టి, తమ స్థాయికి సరిపడేవి సుమారు 13 దాటితే ఒక లెవెల్ వచ్చేలా లెక్క కట్టింది. లెక్క తేటపడింది. కానీ పోరాటమే ప్రధాన సంపాదన అయ్యాక, లంచాలూ తాళ్లూ కిటికీలూ వెనక్కి పోయాయి.

అసలు లెవెళ్లే వద్దన్న ఆటలూ ఉన్నాయి. 1977లో వచ్చిన ‘ట్రావెలర్’లో పాత్ర నాలుగేసి ఏళ్ల ఉద్యోగాలు చేసి, నేర్చుకోవాల్సింది నేర్చుకుని, ఆ తర్వాతే ఆటలోకి వస్తుంది. ఆ ఉద్యోగాల్లోనే చచ్చిపోయి, ఆట మొదలుకాకుండానే ముగిసిన పాత్రలు కూడా ఉండేవి. నాకు బాగా నచ్చింది మాత్రం 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’.

రూన్‌క్వెస్ట్‌లో ప్రతి నైపుణ్యానికీ ఒక శాతం ఉంటుంది. కత్తి 30 శాతం అంటే, 1 నుంచి 100 దాకా ఏదో ఒక అంకె వచ్చేలా పాచికలు వేసినప్పుడు 30 లేదా అంతకు తక్కువ పడితే దెబ్బ తగిలినట్టు. సాహసంలో ఆ నైపుణ్యాన్ని విజయవంతంగా వాడితే దాని పక్కన ఒక టిక్కు పెట్టుకుంటారు. సాహసం ముగిశాక టిక్కు ఉన్న ప్రతిదానికీ మళ్లీ పాచికలు వేస్తారు. ఈసారి తిరగేసి చూడాలి. ప్రస్తుత శాతం కన్నా ఎక్కువ పడితేనే 5 శాతం పెరుగుతుంది. 30 శాతం ఉన్నవాడికి పెరిగే అవకాశం 70. 90 శాతం ఉన్నవాడికి 10 మాత్రమే.

ఇక్కడ మనస్తత్వ శాస్త్రం వైపు ఒకసారి చూడండి. 1972లో రాబర్ట్ రెస్కోర్లా, అలన్ వాగ్నర్ జంతువులు నేర్చుకునే తీరుకు ఒక సమీకరణం ప్రతిపాదించారు. గంట మోగితే తిండి వస్తుందని జంతువు నేర్చుకుంటోందనుకుందాం. ప్రతిసారీ అది ఎంత నేర్చుకుంటుందనేది, ఇంకా నేర్చుకోవడానికి ఎంత మిగిలి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మొదట్లో తిండి రావడం పెద్ద ఆశ్చర్యం, కాబట్టి పెద్ద పాఠం. అలవాటయ్యాక ఆశ్చర్యం ఉండదు, పాఠమూ ఉండదు. రూన్‌క్వెస్ట్‌లో సగటు పెరుగుదలను లెక్కగడితే వచ్చేది ఇదే రూపం. వందలోంచి ప్రస్తుత శాతాన్ని తీసేస్తే మిగిలినదానికి అనులోమంగా పెరుగుదల. పెద్ద గణితం ఏదీ లేకుండా, పాచికను తిరగేసి చదవడం అనే చిన్న ఏర్పాటుతో అది వచ్చేసింది.

ఇంకో మెలిక ఉంది. టిక్కు రావాలంటే ముందు విజయం రావాలి కదా. సాహసంలో ఒక్కసారే ప్రయత్నించే అవకాశం దొరికిందనుకుంటే, 10 శాతం ఉన్నవాడికి టిక్కు వచ్చే అవకాశం పదో వంతు. టిక్కు వచ్చాక పెరిగే అవకాశం 90 శాతం. రెండూ గుణిస్తే 9 శాతం. 90 శాతం ఉన్న నిపుణుడికి కూడా గుణిస్తే అదే 9 శాతం. సరిగ్గా మధ్యలో, 50 దగ్గర ఉన్నవాడికి 25 శాతం. మొదట్లో నత్తనడక, మధ్యలో పరుగు, చివర్లో మళ్లీ నత్తనడక. కొత్త పని నేర్చుకున్న ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. మొదటి రోజుల్లో ఏం చేస్తున్నామో తెలియక నేర్చుకోలేం, అందుకే పక్కన గురువు కావాలి. రూన్‌క్వెస్ట్‌లోనూ డబ్బు కట్టి శిక్షణ తీసుకునే దారి ఉంది. అది మొదట్లో ఉన్నవాడికే ఎక్కువ అవసరం.

వాడితే పెరుగుతుందన్న ఈ పద్ధతి కంప్యూటర్ ఆటల్లోకి వచ్చేసరికి వేరే తంటా వచ్చింది. బల్ల దగ్గరైతే ‘ఊరికే గోడను కొడుతున్నావు, దీనికి టిక్కు లేదు’ అని చెప్పే మనిషి ఉంటాడు. యంత్రానికి ఆ విచక్షణ లేదు. 1988లో జపాన్‌లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 2’లో దెబ్బలు తిన్న పాత్రకే ప్రాణబలం పెరిగేది. దాంతో ఆటగాళ్లు చిన్న శత్రువును ఒకణ్ని ప్రాణాలతో అట్టే పెట్టి, తమవాళ్లను తామే కొట్టుకున్నారు. 2011 నాటి ‘స్కైరిమ్’లో కమ్మరి పని నేర్చుకోవడానికి అందరూ కుప్పలు కుప్పలుగా ఇనుప బాకులు చేశారు. ఎవరికీ అక్కర్లేని బాకులవి. తర్వాతి అప్‌డేట్‌లో, చేసిన వస్తువు విలువను బట్టి పాయింట్లు వచ్చేలా మార్చారు. కొలతనే లక్ష్యం చేసుకుంటే ఆ కొలత పనికిరాకుండా పోతుందన్న సంగతి ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో చలామణీలో ఉంది. మార్కుల కోసం చదివే పిల్లలు మన ఇళ్లలో ఉన్నంత కాలం దీన్ని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

పట్టిక బదులు సూత్రం రాసుకుంటే ఏమవుతుందో చూడాలంటే, చిన్న చిన్న జీవులను పట్టి పెంచే వీడియో గేమ్ పోకెమాన్ మంచి ఉదాహరణ. చాలా పోకెమాన్‌లకు లెవెల్‌ను ఘనం చేస్తే కావలసిన అనుభవం వస్తుంది. నూరో లెవెల్‌కు పది లక్షలు. కొన్నింటికి మాత్రం సూత్రం వేరు: లెవెల్ ఘనాన్ని ఐదింట ఆరుతో గుణించి, అందులోంచి లెవెల్ వర్గానికి 15 రెట్లు తీసేసి, లెవెల్‌కు 100 రెట్లు కలిపి, 140 తీసేయాలి. మొదటి లెవెల్‌కు ఇది వేసి చూడండి. మిగిలేది మైనస్ 53.8, దశాంశాలు వదిలేసే ఆట లెక్కలో మైనస్ 54. 1996 నాటి తొలి ఆటలు అనుభవాన్ని మూడు బైట్లలో, రుణ సంఖ్యలకు చోటు లేకుండా దాచేవి. కాబట్టి సున్నాకు కింద పడిన అంకె పైచివర నుంచి లెక్కకు వచ్చి, మైనస్ 54 కాస్తా 1,67,77,162 అయిపోయింది. మామూలుగా ఆ ఆటల్లో మొదటి లెవెల్ పోకెమాన్ దొరకదు, అందుకే ఈ పొరపాటు బయటపడలేదు. తర్వాత ఆటగాళ్లు ఒక బగ్ ద్వారా ఈ సూత్రం కిందికే వచ్చే మ్యూ అనే పోకెమాన్‌ను మొదటి లెవెల్‌లోనే పట్టే దారి కనిపెట్టారు. ఆ మ్యూకు 54 కన్నా తక్కువ అనుభవం వచ్చే ఒక చిన్న పోరాటం చూపిస్తే చాలు. అంకె ఇంకా సున్నాకు కిందే ఉంటుంది, ఆట దాన్ని కోటిన్నర పైచిలుకు అనుకుంటుంది, మ్యూ ఒక్క గెంతులో నూరో లెవెల్‌కు చేరుతుంది. కాస్త ఎక్కువ అనుభవం వచ్చిందా, లెక్క సున్నా దాటి మామూలైపోతుంది, అద్భుతం జరగదు.

లెక్క తప్పకపోయినా మనసు తప్పుగా తీసుకున్న సందర్భం 2004 నాటి ఆన్‌లైన్ ఆట ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ది. ఎక్కువసేపు ఆడేవాళ్లకు కాస్త విశ్రాంతి ఇప్పించాలని, విడుదలకు ముందు పరీక్షల్లో, కొన్ని గంటల తర్వాత వచ్చే అనుభవం తగ్గేలా పెట్టారు. ఆడేవాళ్లు మండిపడ్డారు. తయారీదారులు అదే ఏర్పాటును తిరగేశారు. తగ్గింపు తర్వాత వచ్చేదాన్ని మామూలు అన్నారు, అంతకుముందు వచ్చేదాన్ని విశ్రాంతికి బహుమతిగా రెట్టింపు అన్నారు. గొడవ సద్దుమణిగింది. అదే ఫలితాన్ని నష్టంగా చెబితే ఒకలా, లాభంగా చెబితే ఇంకోలా ఎంచుకుంటామని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1981లో చూపించారు. దానికి ఇంత శుభ్రమైన ఉదాహరణ దొరకడం అరుదు.

పెరిగామన్న భావనకు పోల్చుకునే వస్తువు కూడా కావాలి. 2006 నాటి కంప్యూటర్ ఆట ‘ఆబ్లివియన్’లో మన లెవెల్‌తో పాటు శత్రువులూ పెరుగుతారు. చాలా దూరం ఆడాక దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన గాజు కవచాలు తొడుక్కుని ఎదురొస్తారు. అంకె పెరిగింది, బలం పెరగలేదు. మొదట్లో భయపెట్టిన శత్రువును తర్వాత ఒక్క దెబ్బకు పడగొట్టడంలో ఉన్న తృప్తి అక్కడ దొరకదు.

ఈ తలనొప్పులన్నీ వద్దనుకునేవాళ్లు అనుభవ పాయింట్లనే వదిలేస్తున్నారు. కథలో పెద్ద ఘట్టం దాటినప్పుడు అందరికీ ఒకేసారి లెవెల్ ఇచ్చే పద్ధతిని ఇప్పటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఒప్పుకుంటుంది. హాయిగానే ఉంటుంది. కాకపోతే ఎప్పుడు పెరుగుతామన్నది కథ నడిపేవాడి చేతిలో ఉండటంతో, ‘ఇది చేస్తే పెరుగుతాను’ అన్న పట్టు ఆటగాడి చేతిలోంచి జారిపోతుంది.

2012లో వచ్చిన బల్ల ఆట ‘డంజియన్ వరల్డ్’ ఈ రెంటికీ మధ్య దారి పట్టింది. రెండు పాచికలు వేసి మొత్తం 6 లేదా అంతకు తక్కువ పడితే పని చెడిపోయినట్టు. అప్పుడే ఒక పాయింటు వస్తుంది. రూన్‌క్వెస్ట్‌లో టిక్కు తెచ్చేది గెలుపు, ఇక్కడ పాయింటు తెచ్చేది ఓటమి. అందువల్ల చేతకాని పనికి కూడా ఆటగాడు ధైర్యంగా చెయ్యి పెడతాడు. ఆట ముగిశాక అందరూ కలిసి మూడు ప్రశ్నలు వేసుకుంటారు. ఈ లోకం గురించి ఇవాళ కొత్తగా, ముఖ్యంగా ఏమైనా తెలుసుకున్నామా? చెప్పుకోదగ్గ శత్రువును ఎవరినైనా దాటామా? గుర్తుండిపోయే నిధి ఏదైనా చేజిక్కిందా? ఒక్కో ‘అవును’కు అందరికీ ఒక్కో పాయింటు. మొదటి లెవెల్ నుంచి రెండుకు ఎనిమిది కావాలి, ఆ పైన లెవెల్‌కు ఒకటి చొప్పున పెరుగుతుంది. 1974 నాటి రెట్టింపు ఇందులో లేదు. మూడు ప్రశ్నల్లోనూ మొదటిది తెలుసుకోవడం గురించే, నిధి వంతు చివర వస్తుంది.