ఏరు వెనక్కి పారే చోటు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మట్టం తెలిస్తే చాలు, ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతున్నాయో ఇంజినీర్లు లెక్కగట్టేస్తారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సులో కలిసే ఓల్డ్ ఉమన్ క్రీక్ అనే చిన్న ఏటి మొగ దగ్గర మాత్రం ఈ లెక్క పనికిరాదు.

అక్కడ ఉప్పునీళ్లు లేవు, చంద్రుడి వల్ల వచ్చే పోటు 5 సెంటీమీటర్లు కూడా ఉండదు. పోటూ పాటూ అన్నీ గాలివే. ఈరీ దాదాపు 388 కిలోమీటర్ల పొడవున్నా సగటు లోతు 19 మీటర్లే, అందుకే నైరుతి గాలి గంటల తరబడి పొడవునా వీస్తే నీళ్లు తూర్పు కొసన ఉన్న బఫెలో నగరం వైపు ఎగదోసుకుపోతాయి, ఇటు పడమటి కొసన టొలీడో నగరం దగ్గర సరస్సు అడుగునేల బయటపడుతుంది. తేడా ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. గాలి తగ్గగానే ఆ నీళ్లు పళ్లెంలో నీళ్లలా అటూ ఇటూ ఊగుతాయి, ఒక ఊపుకు సుమారు 14 గంటలు. దీన్నే సేష్ అంటారు.

సరస్సు ఎగిసినప్పుడు నీళ్లు ఏట్లోకి ఎదురెక్కుతాయి. పైన చినుకు పడకపోయినా గేజి పెరుగుతుంది! కాబట్టి మట్టం ఒక్కటే కొలిస్తే చాలదు, నీళ్లు ఎటు, ఎంత వేగంగా పోతున్నాయో కూడా చూడాలి. నీళ్లలోకి ధ్వని పంపి, అందులో తేలే రేణువుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఆ వేగాన్ని పట్టే పరికరాలు ఉన్నాయి.

ఇంకో చిక్కు ఇసుక మేట. ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు సరస్సు అలలు ఇసుకను తెచ్చి మొగను పూర్తిగా మూసేస్తాయి. అప్పుడిక సరస్సు ఎంత ఊగినా లోపల కదలిక ఉండదు, ఏరు తెచ్చే నీళ్లే మెల్లగా నిండుతూ ఉంటాయి, పసుపు తామరలు పరుచుకున్న మడుగులా ఉంటుంది. గట్టి వాన పడి మేట తెగిందంటే, కొద్ది గంటల్లో మట్టం దిగిపోతుంది.

నాకు ఇదంతా ముఖ్యం అనిపించేది భాస్వరం వల్ల. పొలాల ఎరువులోని భాస్వరం ఈరీలో చేరి నాచు పెరగబట్టే 2014 ఆగస్టులో టొలీడోలో కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. ఒక ఏరు సరస్సుకు ఎంత భాస్వరం ఇస్తోందో తెలియాలంటే నీళ్లలో దాని మోతాదును ప్రవాహంతో గుణించాలి, ఆ ప్రవాహం ఎదురెక్కుతున్న గంటల్ని కూడా ముందుకు పోతున్నట్టే రాసుకుంటే మొత్తం లెక్క తప్పుతుంది.