లిబ్బా కాటన్ బొటనవేలు

ప్రియమైన పిల్లలూ,

ఇది మీ ఇద్దరికీ రాస్తున్నాను, కానీ ముందు పెద్దదాని ప్రశ్న సంగతి. మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నీది పుర్రచేతివాటం కాబట్టి ఎడమచేతి గిటార్ వేరే కొనాలని ఒకరు, వద్దు, కుడిచేత్తోనే అలవాటు చేసుకోమని ఇంకొకరు అంటున్నారని, క్లాసుకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉందని చెప్పావు. ఫోన్ పెట్టేశాక రాత్రంతా అదే ఆలోచన. మీ ఊరి పక్కనే పుట్టిన ఒక పెద్దావిడ గురించి నీకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

రెండేళ్ల కిందట అమెరికాలో, నార్త్ కరోలినాలో మీ దగ్గర ఆరునెలలు ఉన్నాను కదా. ఒక శనివారం మీ అమ్మ మనల్ని కేరీ నుంచి కార్‌బరో తీసుకెళ్లింది, గుర్తుందా? మీరిద్దరూ సైకిళ్లేసుకుని ముందుకు పోయారు, నేను వెనక నెమ్మదిగా నడుస్తున్నాను, పక్కనే రైలు పట్టాలు. దారి పేరు రాసి ఉన్న బోర్డు చూస్తే లిబ్బా కాటన్ బైక్‌వే అని ఉంది. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, కాటన్ అనగానే నాకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే గుర్తొచ్చాడు. ఆయన ఇక్కడెందుకుంటాడు అనుకుని మీ అమ్మని అడిగితే ఫోన్‌లో వెతికి, ఈవిడెవరో గిటార్ వాయించేవారట అమ్మా, అని ఒక పాట పెట్టింది. అక్కడే బెంచీ మీద కూర్చుని విన్నాను. అప్పటికి నాకు 63 ఏళ్లు. బ్లూస్, అంటే అమెరికాలో నల్లజాతి వాళ్ల పాటల బాణీ, ఆ మాట వినడమే కానీ, అది ఎలా ఉంటుందో చెవికి తెలియడం అదే మొదలు.

ఆ పాట పేరు ఫ్రైట్ ట్రైన్, అంటే మన గూడ్సు బండి. మీ తాతయ్య గూడ్సు గార్డు. సామర్లకోట రైల్వే క్వార్టర్స్‌లో ఇరవై రెండేళ్లు ఉన్నాం. రాత్రి పూట పక్క మీద పడుకుని ఏ బండి ఖాళీగా పోతోందో, ఏది లోడుతో పోతోందో చప్పుడు బట్టి చెప్పేదాన్ని. అందుకేనేమో, ఆ పాటలో గిటార్ మొదలవగానే అది ఖాళీ బండి అనిపించింది, తేలిగ్గా, ఒకే వేగంతో పోతూ ఉంటుంది.

ఆవిడ అసలు పేరు ఎలిజబెత్. ఆ పేరు కూడా తనకు తానే పెట్టుకుంది. ఇంట్లో అందరూ చిట్టి చెల్లి అన్నట్టు పిలిచేవాళ్లు, బడిలో మొదటి రోజు టీచరు పేరడిగితే అప్పటికప్పుడు ఎలిజబెత్ అని చెప్పిందట. 1893లో ఆ పట్టాల దగ్గరే ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. అన్నయ్య బాంజో, అదీ గిటార్‌లాంటి తీగల వాయిద్యమే, ఆయన ఇంట్లో లేనప్పుడు తీసి వాయించేది. ఆయన బాంజో పట్టుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయాక చేతికి ఏమీ లేకుండా పోయింది. చిన్నప్పుడే ఇళ్లలో పనికి వెళ్లి, నెలకు 75 సెంట్ల జీతం కూడబెట్టి, 3.75 డాలర్లకు ఒక గిటార్ కొనుక్కుంది. లెక్క కట్టు, అయిదు నెలల జీతం. పదకొండు పన్నెండేళ్ల వయసులో ఈ గూడ్సు బండి పాట కట్టింది. నీ వయసే కదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, దీన్ని గిటార్ చేతిలో పట్టుకుని చదువు. కుడిచేతి వాళ్లు పట్టుకుంటే లావు తీగలు పైన, గడ్డం వైపు ఉంటాయి, సన్న తీగలు కింద, మోకాలి వైపు. అందుకని వాళ్ల బొటనవేలు లావు తీగల మీద పడి దుం దుం అని తాళం నడిపిస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. లిబ్బాది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం బిగించిన గిటార్‌నే తిప్పి పట్టుకుంది, తీగలు మాత్రం మార్చలేదు. దాంతో సన్న తీగలు పైకి వచ్చాయి, లావువి కిందికి పోయాయి. ఇక బొటనవేలికి అందేవి సన్న తీగలే కాబట్టి పాట పలికించే పని బొటనవేలిదైంది, తాళం నడిపే పని చూపుడువేలిదైంది, అది కింది నుంచి లావు తీగను పైకి లాగుతూ ఉంటుంది. రెండో చేతి వేళ్లు మెట్ల మీద పడే తీరు కూడా అంతా తిరగబడుతుంది, పుస్తకంలోని బొమ్మలేవీ ఆమెకు పనికిరావు. నేర్పేవాళ్లు ఎవరూ లేరు, తనే కూర్చుని వేలికి వేలు వెతుక్కుంది.

చేతిలో అన్ని వేళ్లకన్నా బలమైనది బొటనవేలు. ఆ బలమంతా పాట మీద పడింది కాబట్టి ఆవిడ వాయిస్తే పాట గుండ్రంగా, స్పష్టంగా వినిపిస్తుంది, కింద తాళం మెత్తగా నడుస్తుంది. ఇప్పుడు చాలామంది కుడిచేతి వాళ్లు ఆ స్వరాలే తు.చ. తప్పకుండా వాయిస్తున్నారు. బాగానే ఉంటుంది, కానీ నా చెవికి ఆ గుండ్రదనం రాదు. రాక్ గిటార్‌లో పేరున్న జిమి హెండ్రిక్స్ కూడా ఎడమచేత్తో గిటార్ తిప్పి పట్టినవాడే, అయితే ఆయన తీగలు మార్చి బిగించుకున్నాడు. ఆల్బర్ట్ కింగ్ అని ఇంకో బ్లూస్ ఆయన మాత్రం లిబ్బాలాగే మార్చకుండా వాయించేవాడు. అంటే దారులు రెండూ ఉన్నాయన్నమాట.

మీరుండే ప్రాంతాన్ని పీడ్‌మాంట్ అంటారు, ఆ పేరు మీదే పీడ్‌మాంట్ బ్లూస్ అని ఒక బాణీ ఉంది. మిసిసిపీ బ్లూస్ బరువుగా, మూలుగుతున్నట్టు సాగుతుంది, ఇది గెంతుతూ నడుస్తుంది, పియానోలో ఎడమచెయ్యి తాళం వేసినట్టు.

లిబ్బాకు చిన్న వయసులోనే పెళ్లయింది, కూతురు పుట్టింది. చర్చిలో చేరితే, ఇలాంటి లోకం పాటలు పాడుతూ దేవుణ్ని కొలవడం కుదరదని అక్కడి పెద్దలు చెప్పారు. గిటార్ పక్కన పెట్టేసింది. ఒక ఏడాదో రెండేళ్లో కాదు, పాతికేళ్లకు పైనే. ఇళ్లలో వంట, చాకిరీ. ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

1940ల్లో వాషింగ్టన్ చేరి లాన్స్‌బర్గ్స్ అనే పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు, తప్పిపోయి తిరుగుతున్న ఒక చిన్నపిల్లను తల్లి దగ్గరికి చేర్చింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్. తండ్రి, తల్లి, పిల్లలు, ఇంటిల్లిపాదీ సంగీతంలోనే బతికే కుటుంబం. ఆ తర్వాత వాళ్లింట్లోనే పనికి కుదిరింది. లిబ్బా అన్న పేరు అక్కడ వచ్చిందే, ఆ ఇంటి చిన్నపిల్ల నోట ఎలిజబెత్ అని పలక్క. వంటింటి గోడకు ఒక గిటార్ వేలాడుతూ ఉండేది. ఒకరోజు పెగ్గీ చూసేసరికి ఈవిడ దాన్ని తీసి, తిరగేసి పట్టుకుని వాయిస్తోంది.

పాప తప్పిపోవడం వల్లే ఈవిడ లోకానికి తెలిసిందని, అంతా అదృష్టమని చెప్పేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు. తప్పిపోయిన పిల్లను ఎవరైనా తల్లి దగ్గరికి చేర్చేవాళ్లే, కానీ గోడ మీది గిటార్ తీసి అలా వాయించడానికి పన్నెండేళ్లప్పుడు నేర్చుకున్న చెయ్యి కావాలి. అన్నేళ్లు గిన్నెలు తోమినా ఆ చెయ్యి మరచిపోలేదు.

పెగ్గీ అన్న మైక్ సీగర్ 1957, 58లో ఆవిడ ఇంటికే వెళ్లి టేపు మీద రికార్డు చేశాడు, 1958లో ఫోక్‌వేస్ కంపెనీ రికార్డు తెచ్చింది. అప్పటికి ఆవిడ వయసు 65. కానీ అంతకుముందే ఒక అన్యాయం జరిగిపోయింది. పెగ్గీ ఇంగ్లండ్‌లో ఈ గూడ్సు బండి పాట పాడితే విన్నవాళ్లు తామే రాసినట్టు హక్కులు రాయించుకున్నారు. 1957లో అక్కడ అది పెద్ద హిట్టయి రేడియోల్లో మోగుతుంటే, కట్టిన మనిషి వాషింగ్టన్‌లో ఎవరింట్లోనో గిన్నెలు కడుగుతోంది. సీగర్లు వెంటపడితే తర్వాత ఆవిడ పేరు చేరింది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ తగ్గలేదు.

తొంభై ఏళ్లు దాటాక కూడా ఊరూరా తిరిగి కచేరీలు చేసింది. 1985లో గ్రామీ అనే పెద్ద సంగీత అవార్డు వచ్చింది, 1987 జూన్‌లో సిరక్యూస్‌లో పోయింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. ఫోక్‌వేస్ రికార్డులన్నీ స్మిత్‌సోనియన్ అనే మ్యూజియం సంస్థ వాళ్లు తీసుకుని దొరికేలా ఉంచారు కాబట్టి మీరు ఇప్పుడే వినొచ్చు.

చిన్నోడా, నీకు నచ్చేది షేక్ షుగరీ. దాని చరణాలు ఆవిడ మునిమనవలు తలా ఒకటి కట్టారు, పాడింది కూడా ఆవిడ కాదు, పన్నెండేళ్ల మునిమనవరాలు. ముసలావిడ వెనక కూర్చుని గిటార్ మాత్రం వాయిస్తుంది.

పెద్దదానా, నీకు ఎప్పుడూ చెప్పలేదు, నాదీ పుర్రచేతివాటమే. రెండో తరగతిలో పలక ఎడమచేత్తో పట్టుకుంటే మాస్టారు వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. కుడిచేత్తో రాయడం వచ్చింది, ఈ ఉత్తరం అలాగే రాస్తున్నాను, కానీ ముగ్గు మాత్రం ఇప్పటికీ ఎడమచేత్తోనే పెడతాను, ఇంకో చేత్తో చుక్క కుదరదు. అందుకని ఏ గిటార్ కొనాలో నేను చెప్పను. నీ చేతికే తెలుస్తుంది, రెండూ కొన్నాళ్లు పట్టుకుని చూడు. క్లాసులో ఎవరైనా తిరగేసి పట్టుకుంటే సంగీతం రాదంటే, కార్‌బరోలో ఆ బోర్డు మీద ఎవరి పేరుందో చెప్పు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీ నాన్న గిటార్ తీసుకో. తీగలేమీ మార్చకు, తిరగేసి పట్టుకుని, అన్నిటికన్నా పైన ఉన్న సన్న తీగను బొటనవేలితో ఒక్కసారి మీటి నాకు వినిపించు.

మీ అమ్మమ్మ