మెత్తటి ఊలుతో రగ్గు అల్లొద్దు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఇంట్లో చట్రం బిగించుకుని, దారాల మీద ఊలు ముడులు వేసి కొసలు కత్తిరించే రగ్గు మొదలుపెట్టే మనవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ముడుల దగ్గర కాదు, ఊలు కొనే రోజునే. చిక్‌పేటలో ఊలు బంతి చేతిలోకి తీసుకుంటారు, చెంపకు ఆనించి చూస్తారు, మెత్తగా ఉంది, ధరా ఎక్కువే, ఇంకేం, రగ్గు బ్రహ్మాండంగా వస్తుందనుకుంటారు. రాదు.

అపోహ: ఊలు ఎంత మెత్తగా ఉంటే రగ్గు అంత మంచిది.

వాస్తవం: ఒంటి మీదికి పనికొచ్చే ఊలు వేరు, కాలి కిందికి పనికొచ్చేది వేరు. స్వెటర్ల మెరీనోలో పోగు మందం 24 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది. తివాచీకి 30 దాటిన ముతక పోగు కావాలి. సన్నపోగు అడుగు బరువుకు పడుకుంటే మళ్ళీ లేవదు. నడిచినకొద్దీ రాపిడికి పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని జడకడతాయి. స్వెటర్ దారానికి పురి కూడా తక్కువ, కాబట్టి కత్తిరించిన కొస విచ్చుకుపోతుంది. గుమ్మం దగ్గర వేస్తే కొద్ది నెలల్లోనే డిజైన్ అంచులు కలిసిపోతాయి.

ఇందులో పోయేది ఊలు డబ్బు ఒక్కటే కాదు. 60×90 సెం.మీ. రగ్గుకు సెంటీమీటరుకు రెండు ముడుల చొప్పున అడ్డంగా 120, నిలువుగా 180 వరసలు, మొత్తం 21,600 ముడులు. కొత్తవాళ్ళు నిమిషానికి నాలుగు వేస్తే 90 గంటలు. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు కూర్చునేవాళ్ళకు అది మూడు నెలల పని. తప్పు దారంతో అదంతా పోతే ఎంత బాధో తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

అసలు ఊలే కాని దారం మరీ అన్యాయం. దుకాణాల్లో 'ఊలెన్' పేరుతో అమ్మేదాంట్లో చాలా భాగం అక్రిలిక్. అంగుళం ముక్కను పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. ఊలైతే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఊలే అని తేలాక ఒక గుప్పెడు గట్టిగా పిసికి వదలండి. వెంటనే పొంగితే కాలి కిందికి పనికొస్తుంది. తెగిన కొసను అరచేతిలో రుద్దినప్పుడు పూర్తిగా విచ్చుకుపోతే పక్కన పెట్టేయండి.

కొనేటప్పుడు 'కార్పెట్ యార్న్' అని అడగండి, బికనీర్ ఊలు దొరికితే మంచిది. చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె వైపు కంబళ్ళకు వాడే దక్కనీ గొర్రె ఊలు కూడా బాగా ఆగుతుంది. మన గొంగళ్ళదీ అదే ఊలు. గరుకుగా ఉందని వెనక్కి ఇచ్చేయొద్దు, ఆ గరుకే దాని బలం. ఒంటి పోగైతే రెండు మూడు కలిపి ముడి వేయండి. దక్కనీ ఊలు నల్లదైతే దాని మీద రంగులు తేలవు కాబట్టి దాని సహజమైన రంగుతోనే డిజైన్ ఆలోచించుకోండి. పైన లెక్క వేసిన 60×90 రగ్గుకు, కత్తిరింపులో పోయేదాంతో కలిపి, ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది. పడుగుకు, అంటే చట్రం మీద నిలువుగా బిగించే దారాలకు, మాత్రం ఊలు వద్దు. గొంగడి నేసేవాళ్ళు ఊలు పడుగుకు చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు, ఆ పని అలవాటు లేనివాళ్ళకు పోగులు రేగి తెగుతాయి. బాగా పేనిన కాటన్ దారం, రెండు చేతులతో లాగినా తెగనిది, సుమారు 300 మీటర్లు తీసుకోండి.

మెత్తటి ఊలు ఇప్పటికే కొనేశారా? కంగారు పడకండి. గోడకు వేలాడదీసేదానికో, కుషన్ కవరుకో అది చక్కగా పనికొస్తుంది. ముతక ఊలుతో కలిపి ఒకే రగ్గులో మాత్రం వాడొద్దు, మెత్తటి చోట్లు ముందు అరిగి గుంటలు పడతాయి.

"ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుంది" అని ఇంటింటా చెప్తారు. ఊలు మీద ఆసిడ్ రంగును పట్టించేది ఉప్పు కాదు, పులుపు, వేడి. వెనిగర్ కలిపిన నీటిలో, తెర్లకుండా, 85–95 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. బోరు నీళ్ళలో క్షారం ఎక్కువైతే వెనిగర్ కాస్త పెంచాలి. ముడులు వేయడానికి ముందే తడి తెల్లగుడ్డతో దారాన్ని నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే మళ్ళీ ఉడికించాల్సిందే.

"ముడి గట్టిగా లాగలేదు, అందుకే రగ్గు నడుము సన్నబడింది" అన్నదీ తప్పే. అలా సన్నబడేది పేక వల్ల, అంటే ముడుల వరసల మధ్య అడ్డంగా వేసే దారం వల్ల. పేకను తిన్నగా లాగితే అంచులు లోపలికి వస్తాయి. ప్రతి 15 సెం.మీ.కు 2–3 సెం.మీ. ఎత్తు వచ్చేలా వంపుగా వదిలి, తర్వాత పంజాతో (దువ్వెనలాంటి పనిముట్టు) దిగ్గొట్టాలి. ప్రతి 10 సెం.మీ.కు వెడల్పు కొలవండి, అర సెంటీమీటరు తగ్గినా అక్కడే ఆగి విప్పేయండి.

వెనక లేటెక్స్ పూయాలా? గన్‌తో గుడ్డలోకి దారం గుచ్చి చేసే టఫ్టింగ్ రగ్గులకు పూయాలి, ముడి రగ్గుకు అక్కర్లేదు.

వేపాకు పెడితే పురుగు రాదనే నమ్మకం వదిలేయండి. ఊలు తినేది చీకట్లో పెరిగే చిమ్మట పిల్ల. రగ్గులో మంచం కిందికి పోయే భాగాన్ని నెలకోసారి తిప్పి, వెనక వైపు కూడా వాక్యూమ్ చేయాలి. దారంలో అనుమానం ఉంటే గాలి చొరని కవరులో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి.

ఉతకడానికి మామూలు డిటర్జెంట్ పొడి వద్దు. అందులో ప్రొటీన్ మరకల్ని కరిగించే ఎంజైమ్ ఉంటే ఊలునీ వదలదు, ఊలూ ప్రొటీనే. చల్లటి నీళ్ళు, ఊలు కోసం అమ్మే లిక్విడ్ చాలు. పిండొద్దు, బాల్కనీ తీగ మీద వేలాడదీయొద్దు, నీటి బరువుకు పడుగు సాగుతుంది. చదునుగా పరిచి ఆరబెట్టండి.

ఇక కొత్త రగ్గు నూగు రాలుతోందని భయపడేవాళ్ళు ఒక కుచ్చు పట్టి లాగి చూడండి. దూదిలాంటి పీచు మాత్రమే వస్తే అది కత్తిరించిన కొసల్లో మిగిలిన పొట్టి పోగు, కొన్ని నెలల్లో తగ్గుతుంది. కుచ్చు మొత్తం ఊడివస్తే ఆ ముడి ఒకే పడుగు పోగుకు పడిందన్నమాట. మొద్దు సూదితో రెండు పోగుల్నీ చుట్టి, కొసలు వాటి మధ్య నుంచి పైకి తెచ్చి, అక్కడ ఇంకో ముడి వేయండి.