తీరం దాటని తుపాను

దిత్వా వెళ్లిపోయింది గానీ అది రేపిన తగాదా చెన్నైలో ఇంకా చల్లారలేదు. 2025 నవంబరు చివర్లో శ్రీలంకను అతలాకుతలం చేసిన ఆ తుపాను తమిళనాడు తీరం వెంబడి ఉత్తరానికి వచ్చి, బలం తగ్గి, డిసెంబరు మొదటి రోజుల్లో చెన్నైకి దగ్గర్లో సముద్రంలోనే నిలిచిపోయింది. బలహీనపడిందన్న వార్త విని ఊపిరి పీల్చుకున్న ఉత్తర చెన్నై, ఎన్నూరు వాసులు ఆ తర్వాతే తడిసి ముద్దయ్యారు. సరైన మాట సరైన వేళకు అందలేదని జనం అంటున్నారు. ఎప్పటికప్పుడు చెబుతూనే ఉన్నామని అధికారులు అంటున్నారు.

దివిసీమ ఉప్పెన, సునామీ సంగతులు తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ తగాదాకు మూలం తెలియాలంటే చూడవలసిన తేదీ 2017 నవంబరు 30. అది చెన్నైలో జరిగింది కాదు, కన్యాకుమారి దగ్గర జరిగింది. అయినా అక్కడి నుంచే చూడాలి.

ముందు రోజు వాయుగుండంగా ఉన్నది ఆ ఉదయానికల్లా తుపాను అయింది. దానికి ఓఖీ అని పేరు పెట్టారు. అది కన్యాకుమారి దగ్గర తీరం దాటలేదు. నేలను పక్కన పెట్టి సముద్రం మీదుగానే లక్షద్వీప్ వైపు సాగింది. తమిళనాడు, కేరళ తీరాల నుంచి వేటకు వెళ్లిన వందల మంది తిరిగి రాలేదు. సముద్రంలోకి వెళ్లవద్దని ముందు రోజే సూచించామని వాతావరణ శాఖ చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. కానీ వెళ్లవద్దన్న మాట ఒడ్డున ఉన్నవాడికే పనికొస్తుంది. రోజుల కిందటే బయలుదేరి నడిసముద్రంలో ఉన్నవాడికి దానితో ఒరిగేదేముంది? ఒడ్డుకు కాస్త దూరం పోగానే సెల్‌ఫోను సిగ్నల్ ఆగిపోతుంది. బోట్లలో ఉండే వైర్‌లెస్ సెట్టు మాట ఇంకొంత దూరం పోతుంది, అంతే. ఆ అవతల ఉన్నవాళ్లకు ఆకాశం రంగు చూసి తెలుసుకోవడం తప్ప దారి లేదు.

మన హెచ్చరికల పద్ధతి అంతా ఒకే ప్రశ్న చుట్టూ పెరిగిందని ఓఖీ బయటపెట్టింది. తుపాను ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుంది? 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక అంటూ మెట్లు కట్టుకున్నది తీరంలో గాలివాన మొదలయ్యే ఘడియ నుంచి వెనక్కి లెక్కించి. ఒక్క రోజులో పుట్టి, పెరిగి, తీరాన్ని పక్కన పెట్టి పోయే తుపానుకు ఈ మెట్లు సరిపోవు. ఈ లెక్కతోనే లక్షల మందిని కాపాడుకున్న మాట నిజమే. ఆ లెక్కలో పడనివాళ్ల సంగతే నేను చెబుతున్నది.

మాటల్లోనూ ఇదే చిక్కు ఉంది. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న పేర్లు గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను అంటారు, అప్పుడే దానికి పేరు పెడతారు. వాన ఎంత కురుస్తుందన్నది ఈ పేర్లలో ఎక్కడా లేదు. అందుకే తుపాను బలహీనపడిందంటే గాలి తగ్గిందని మాత్రమే అర్థం. వినేవాడు మాత్రం గండం గడిచిందనుకుంటాడు. చెన్నైని ముంచేది చాలాసార్లు గాలి కాదు, వాన.

2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు నాకిది సొంతంగా తెలిసింది. 3వ తేదీ సాయంత్రం నెల్లూరు నుంచి అక్క ఫోను చేసి, "తుపాను మా వైపే వస్తోందట రా, మీకు తప్పింది" అంది. టీవీలన్నీ అదే చెప్పాయి, ఆంధ్రా తీరం దాటుతుందని. దాటింది కూడా, 5వ తేదీన బాపట్ల దగ్గర. కానీ అంతకు ముందు చెన్నైకి వంద కిలోమీటర్ల లోపు దూరంలో, సముద్రం మీద నత్తనడక నడిచింది. చాలా చోట్ల రెండు రోజుల్లో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. తీరం వైపు వీచే గాలికి సముద్రం పోటెత్తి ఉండటంతో అడయారు, కూవం నదుల నీళ్లు కడలిలోకి దిగలేకపోయాయి. కొరుక్కుపేటలో మా వీధికి 4వ తేదీ తెల్లవారేసరికి నీళ్లు వచ్చాయి. తర్వాత కరెంటు పోయింది, ఆపైన ఫోన్లు మూగబోయాయి. నెల్లూరులో అక్క మా కోసం రెండు రోజులు ఏడ్చింది. ఎన్నూరు వాళ్ల కష్టం అక్కడితో ఆగలేదు. ఆ వరదలోనే మణలి చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి కొసస్థలైయారు నది ముఖద్వారం నిండా పరుచుకుంది. వలలు, పడవలు నల్లబడ్డాయి.

తప్పంతా వాతావరణ శాఖదని నేను అనను. నెమ్మదిగా కదిలే తుపాను ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. 2024 అక్టోబరులో చెన్నైకి రెడ్ అలర్ట్ ఇచ్చారు, జనం కార్లను వేళచ్చేరి వంతెన మీద పెట్టుకున్నారు, వాయుగుండం ఉత్తరంగా దాటిపోయి భారీ వాన తప్పింది. అదే ఏడాది నవంబరులో తుపాను కాకపోవచ్చనుకున్న ఫెంగల్ తుపానై పుదుచ్చేరి దగ్గర తీరం దాటి అక్కడే ఆగిపోయింది. ఒకసారి ఉత్త భయమైతే రెండోసారి ఎవరూ లెక్కచేయరు. అధికారులకూ ఆ భయం ఉంది.

అయితే ఉత్తర చెన్నైలో చేపల బోట్లు ఆగే కాసిమేడు రేవులో నిలబడి చూస్తే వాదన మరోలా కనిపిస్తుంది. అక్కడి మరబోట్ల మీద పనిచేసేవాళ్లలో శ్రీకాకుళం, నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. మైకులో ప్రకటన తమిళంలో ఉంటుంది, ఫోనుకు వచ్చే సందేశమూ తమిళంలోనే. వినడానికి కొంత అర్థమైనా తమిళ అక్షరాలు చదవడం వాళ్లలో ఎక్కువ మందికి రాదు. బోటు నడిపే సరంగు చెబితే తెలుస్తుంది, లేకపోతే లేదు. పైగా బోటు కదలకపోతే పట్టిన చేపల మీద వచ్చే వాటా లేదు. అందుకే వేటకు వెళ్లవద్దన్న మాట ఎందుకు, ఎన్ని రోజులకు అన్నది వివరంగా చెబితే తప్ప వాళ్లకు అది కడుపు మీద దెబ్బే అవుతుంది.

సాధనాలు లేవని అనడానికి లేదు. ఓఖీ తర్వాత హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 2019 అక్టోబరులో జెమిని అనే పరికరాన్ని విడుదల చేశాయి. సెల్ సిగ్నల్ లేని నడిసముద్రంలో ఉపగ్రహం నుంచి హెచ్చరికను అందుకుని ఫోనుకు పంపుతుంది, తొమ్మిది భాషల్లో చూపుతుంది. మాట వినడమే తప్ప తిరిగి చెప్పడానికి దానిలో వీలు లేదు. ఆ లోటు తీర్చడానికి, రెండు వైపులా సందేశాలు నడిచే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. నడిసముద్రంలో తొమ్మిది భాషలు పలికించగలిగినవాళ్లకు కాసిమేడు మైకులో తెలుగు పలికించడం ఎంత పని?

కాసిమేడు మరబోట్లలో వారం, పది రోజుల వేటకు వెళ్లేవి ఉన్నాయి. రెండు రోజుల ప్రయాణం అంత దూరంలో ఉన్న బోటుకు 24 గంటల ముందు అందే హెచ్చరిక చాలదు. కనీసం మూడు రోజుల ముందు, అల్పపీడనంగా ఉన్నప్పుడే, కబురు అందాలి. అంత ముందు చెప్పే మాట సగంసార్లు తప్పవచ్చు. తప్పినప్పుడు ఆ రోజుల వాటా ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న ఓఖీ నాటి నుంచి నేటి దాకా తీరలేదు.