ఎంత ఎత్తులో పెడితే అంత లాగుద్దా? డిష్, యాంటెనాల మీద నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

పోయిన నెల రేపల్లె సైడు ఒక పెద్దాయన ఇంటికి ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ళ నెల చందా లేని డిష్) బిగించడానికి వెళ్తే నేను వెళ్ళేసరికే 15 అడుగుల జీఐ పైపు తెప్పించి గోడకి ఆనించి పెట్టుకున్నాడు. "అబ్బాయ్, దీని మీద కట్టు, ఎంత ఎత్తులో ఉంటే అంత బాగా లాగుద్ది" అన్నాడు. వద్దు బాబాయ్ గారూ, డాబా మీద స్లాబుకే బిగిస్తా అంటే పని తప్పించుకుంటున్నా అనుకున్నట్టున్నాడు, కాసేపు మాట్లాడలా. ఆయన్ని అనడానికి ఏం లేదు, దూరదర్శన్ రోజుల్లో పైన ఒకళ్ళు పైపు తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకళ్ళు "ఆఁ వచ్చింది... పోయింది... ఇంకొంచెం" అని అరిచిన తరం. అప్పుడు ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పుడు నేను వినే అపోహల్లో సగానికి పైగా ఆ పాత యాంటెనా తెలివిని తెచ్చి డిష్ కి తగిలించడమే.

అపోహ: ఎత్తు పెరిగితే సిగ్నల్ పెరుగుద్ది

పాత యాంటెనాకి సిగ్నల్ టవర్ నుంచి నేల మీదుగా వచ్చేది, మధ్యలో ఇళ్ళు, చెట్లు, దూరం ఎక్కువైతే భూమి వంపు కూడా అడ్డమే, అందుకే పైపు ఎత్తేకొద్దీ బొమ్మ తేటపడేది. డిష్ చూసేది 36,000 కిలోమీటర్ల పైన ఉన్న శాటిలైట్ ని. దానికి మీరు 15 అడుగులు దగ్గరికి జరిగితే ఒరిగేదేంటి? ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 శాటిలైట్ ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, మా తెనాలి, రేపల్లె నుంచి చూస్తే ఆగ్నేయం దిక్కున, ఆకాశంలో 66 డిగ్రీల దాకా పైన. ఆ దిక్కు ఖాళీగా ఉంటే చాలు, డిష్ మెట్ల పక్కన కింద ఉన్నా ఒకటే డాబా మీద ఉన్నా ఒకటే.

పైగా ఎత్తు పెడితే నష్టం. మాది సముద్రం గాలి, పొడుగు పైపు ఊగుద్ది. 60 సెంటీమీటర్ల డిష్ అంచు అర సెంటీమీటరు వాలిందంటే ఒక డిగ్రీ పోయినట్టే, ఆ ఒక్క డిగ్రీ పైన శాటిలైట్ దగ్గరికెళ్ళేసరికి 600 కిలోమీటర్లు దాటిపోద్ది. డిష్ టీవీ వాళ్ళది ఉండే 95 డిగ్రీల స్థానం జీశాట్-15 కి డిగ్రీన్నర దూరమే, అంటే కొంచెం వాలినా డిష్ పక్క శాటిలైట్ వైపు పోద్ది. ఇక మా వైపు కోతులు గాలి కంటే ఘోరం, ఎత్తులో ఉంటే వాటికి అదో ఉయ్యాల.

పైపులెత్తే వాళ్ళకి ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. ఇంటి మీదుగా కరెంటు తీగలు పోతుంటే, పైపు జారి ఏ వైపు పడినా తీగకి తగలనంత దూరం ఉంటేనే పైపు లేపండి. లేకపోతే పని మానేయండి. నేను మానేసి వెనక్కి వచ్చిన ఇళ్ళు ఉన్నాయి, తిట్టుకున్నారు, తిట్టుకోనీ.

అపోహ: సిగ్నల్ 90 చూపిస్తోంది కదా, డిష్ బాగానే ఉంది, బాక్సే పోయింది

బాక్స్ మెనూలో రెండు గీతలుంటాయి, స్ట్రెంత్ ఒకటి, క్వాలిటీ ఒకటి. స్ట్రెంత్ అంటే ఏదో ఒకటి అందుతోందని మాత్రమే, ఖాళీ ఆకాశం వైపు పెట్టినా కేబుల్ బాగుంటే అది బాగానే చూపించొచ్చు. మనకి కావాల్సింది రెండోది. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా అంటే ఎక్కువసార్లు పక్క శాటిలైట్ ని చూస్తున్నట్టు, లేదా డిష్ కొంచెం వాలినట్టు. కొత్త బాక్స్ కొనేసి అదే డిష్ కి పెట్టుకుని "ఇది కూడా డూప్లికేటే" అని షాపు వాడితో గొడవ పడ్డవాళ్ళని చూశా.

అపోహ: పెద్ద డిష్ అయితే ఎక్కువ ఛానెళ్ళు

కాదు. ఛానెళ్ళు శాటిలైట్ లో ఉంటాయి, గొడుగులో కాదు. పెద్ద డిష్ వల్ల వానలో సిగ్నల్ ఇంకొంచెం నిలబడుద్ది, అంతే.

అపోహ: డిష్ లో నీళ్ళు నిలిచి వానకి సిగ్నల్ పోద్ది, క్యారీబ్యాగ్ కట్టాలి

వానకి పోవడం నిజం, కారణం వేరే. ఈ సిగ్నల్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, గట్టి వాన పడేటప్పుడు డిష్ కీ మేఘానికీ మధ్య ఉన్న చినుకులే దాన్ని తినేస్తాయి. క్యారీబ్యాగ్ కట్టినా గొడుగు పట్టినా ఆగేది కాదు. వాన తగ్గిన పది ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చిందంటే నాకు ఫోన్ చేయొద్దు, అది జబ్బు కాదు.

వాన పోయి రెండ్రోజులైనా రాలేదు అంటే అప్పుడు పిలవండి, నేను ముందు చూసేది ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే ముక్క) కింద కేబుల్ తగిలించే ఆ చిన్న కనెక్టర్. విప్పగానే లోపల రాగి తీగ నల్లబడో పచ్చబడో ఉంటది, ఒక్కోసారి నీటి బొట్టు జారి వేలి మీద పడుద్ది. నా అనుభవంలో వచ్చే కంప్లైంట్లలో ఎక్కువ భాగం ఆ రెండంగుళాల జాగాలోనే ఉంటాయి. కేబుల్ చివర ఒలిచేటప్పుడు పైన ఉండే జాలి పోగు ఒక్కటి వెంట్రుక అంత సన్నది లోపలి తీగకి తగిలినా షార్ట్, సిగ్నల్ రాదు. అందుకే నేను ఆర్‌జీ-6 కేబుల్ వాడి, జాలి మొత్తం వెనక్కి మడిచి, కనెక్టర్ ఎక్కించి, చేత్తో బిగించి, పైన రబ్బర్ టేప్ చుడతా. కేబుల్ గోడలోకి పోయేముందు కొంచెం కిందకి వేలాడేలా వదులుతా, నీళ్ళు తీగ వెంబడి లోపలికి పోకుండా ఆ వంపు దగ్గర కారిపోతాయి. దీనికి ఖర్చు ఏం ఉండదు, అయినా చాలామంది చేయరు.

వాన కాకపోయినా పోతే చెట్టు చూడండి. ఏప్రిల్ లో బిగించిన డిష్ ఆగస్టు కల్లా మొరాయిస్తే పక్కింటి మునగ చెట్టే దొంగ, ఆ తడి ఆకులు గోడతో సమానం.

అపోహ: ఒక డిష్ కి స్ప్లిట్టర్ పెట్టి రెండు టీవీలు నడుపుకోవచ్చు

కేబుల్ టీవీకి అలవాటైన ఐడియా ఇది. డిష్ లో బాక్సే పైకి 13 వోల్టులో 18 వోల్టులో పంపి నాకు ఫలానా రకం సిగ్నల్ కావాలని ఎల్‌ఎన్‌బీ ని అడుగుద్ది. రెండు బాక్సులు ఒకే ఎల్‌ఎన్‌బీ ని చెరో రకం అడిగితే అత్తా కోడళ్ళ మధ్య కొడుకు పరిస్థితే. రెండు అవుట్‌పుట్లు ఉన్న ఎల్‌ఎన్‌బీ వేసి రెండు కేబుళ్ళు లాగండి, తలనొప్పి ఉండదు.

అపోహ: ప్లగ్ పీకేస్తే పిడుగు భయం లేదు

ప్లగ్ పీకడం మంచిదే, కానీ డాబా మీద నుంచి కేబుల్ ఇంకా బాక్స్ వెనకాల ఉంది కదా, దగ్గర్లో పిడుగు పడితే ఆ దారిన కూడా వచ్చిద్ది. ఉరుములు మొదలవ్వకముందే కేబుల్ కూడా విప్పి పక్కన పెట్టండి. డిష్ పిడుగుని పిలుస్తది అనేది మాత్రం కాదు, ఇంటి మీద ఎత్తుగా ఉన్న ఇనప వస్తువు ఏదైనా ఒకటే, అందుకే పైపుకి ఎర్త్ వేయాలి.

మిగతావి చకచకా. డిష్ నుంచి రేడియేషన్ వచ్చి పక్కింటోళ్ళకి జబ్బులొస్తాయి అంటే, అది తీసుకునేదే గానీ పంపేది కాదు. ఫ్రీ డిష్ కి రీఛార్జ్ చేయాలని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, 2004 లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైనప్పటి నుంచి దానికి నెల చందా లేదు. కాకపోతే బొమ్మని కుదించి పంపే పాత పద్ధతి ఎంపెగ్-2 బాక్స్ ఉన్నవాళ్ళకి కొత్త పద్ధతి ఎంపెగ్-4 లో వచ్చే ఛానెళ్ళు రావు, అది డిష్ తప్పు కాదు. వాస్తు అడిగేవాళ్ళకి: నైరుతిలో బరువు ఉండాలి అంటారు కదా, నైరుతి మూల పెట్టి ఆగ్నేయం వైపు తిప్పితే మీ వాస్తుకీ నా శాటిలైట్ కీ గొడవ లేదు, నాకు నిక్షేపంగా సరిపోద్ది.

ఇక రేడియో సంగతి. ఇక్కడ మాత్రం పాత రూలే. ఎఫ్‌ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య, టవర్ నుంచి దాదాపు సూటిగా వచ్చేది కాబట్టి ఎత్తు పనిచేసిద్ది. మీడియం వేవ్ వేరు, దాని తరంగం వందల మీటర్ల పొడవు, రేడియో లోపలే ఫెర్రైట్ కడ్డీ ఉంటది, అదే దాని యాంటెనా, అందుకే రేడియోని తిప్పి చూడండి, పక్కన ఎల్‌ఈడీ బల్బు, ఛార్జర్ ఆపి చూడండి, సగం గురగుర అక్కడే పోద్ది.

ఆ రేపల్లె పెద్దాయన ఇంట్లో వెనకాల యాంటెనా సాకెట్ ఉన్న పాత మ్యూజిక్ సిస్టం ఉంది, విజయవాడ ఎఫ్‌ఎం సరిగ్గా రాదని గోల. డిష్ పని అయ్యాక ఆయన పైపు నిలబెట్టా, చుట్టుపక్కల తీగలు లేవని చూసుకున్నాకే. 73 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు ఎదురెదురుగా చెక్క ముక్కకి బిగించి, విజయవాడ ఉత్తరాన ఉంది కాబట్టి కడ్డీలు తూర్పు పడమరలుగా ఉండేలా పైన కట్టి, పైపుకి ఎర్త్ వేసి కేబుల్ లోపలికి ఇచ్చా. పాట ఎంత తేటగా వచ్చిందో నాకే ముచ్చటేసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా వైపు చూసి "నే చెప్పలా, ఎత్తులో పెడితే లాగుద్దని" అన్నాడు.