చిలుము, తుప్పు, కోనసీమ తలుపులు

ఇనుముకు పట్టేది తుప్పు, ఇత్తడికీ రాగికీ పట్టేది చిలుము అని తెలుగు భాష రెంటినీ ఏనాడో వేరు చేసింది. కోనసీమ మండువా లోగిళ్ళలోని పాత గొళ్ళాలను, గడియలను, మడత బందులను, కిటికీ ఊచలను బాగుచేయడానికి పూనుకున్నవారు మొదట ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. రెంటికీ శత్రువు మాత్రం ఒకటే, సముద్రపు ఉప్పు. వంటింటి ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే చెమర్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమే చాలు. అందువల్ల అంతర్వేది వైపు తీరపు ఇళ్ళలో లోహం కంటికి పొడిగా కనిపిస్తున్న రోజున కూడా దానిపై ఉప్పునీటి పలుచని పొర ఉంటుంది.

పండుగ ముందు ఇత్తడి గుబ్బలను చింతపండూ ఉప్పూ కలిపి తోమడం మన ఇళ్ళలో అలవాటు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగించే మాట నిజమే కాని, ఆ ఉప్పుతో క్లోరైడును మనమే లోహపు సందుల్లోకి ఎక్కిస్తున్నాము, నగిషీ అంచులను ఏటేటా అరగదీస్తున్నాము. తోమాక అక్కడక్కడ ఎర్రని మచ్చలు తేలితే అవి మురికి కావు. ఇత్తడి రాగి, యశదాల (జింకు) మిశ్రమం. ఉప్పుతేమలో యశదం ముందుగా కరిగిపోయి, బోలుబోలుగా ఉండే బలహీనమైన రాగి మిగులుతుంది. ఆ మచ్చను ఇంకా రుద్దితే పోయేది వస్తువే. మెత్తని కుంచెతో, స్వేదనజలంతో కడిగి, బాగా ఆరబెట్టి, పలుచగా మైనం పట్టించి, ఏళ్ళు తెచ్చిన రంగును అలాగే ఉంచడం మేలని నా నిశ్చితాభిప్రాయం. కొబ్బరినూనె మాత్రం రాయకూడదు. మక్కిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చని జిడ్డుగా మారతాయి.

ఇనుము విషయంలో పని ఎక్కువ. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కనుకనే ద్వారబంధంలో దిగిన మేకు టేకు కర్రను చీలుస్తుంది. పైపైన గీకి రంగు వేస్తే, అడుగున మిగిలిన క్లోరైడు మళ్ళీ తుప్పు పుట్టించి రంగును బొబ్బలెక్కిస్తుంది. ఊడదీయగలిగిన ముక్కను, ఏ తలుపుకు ఏ పక్కదో గుర్తుకట్టి, చాకలి సోడా నీటిలో, నీరు మారుస్తూ వారాల తరబడి నాననివ్వాలి. క్షారంలో తుప్పు అదుపులో ఉంటుంది, ఉప్పు మెల్లగా బయటికి వస్తుంది. నానిన నీటిని కొంచెం తీసి, నత్రికామ్లంతో సోడాను విరిచి, సిల్వర్ నైట్రేటు చుక్క వేసినప్పుడు తెల్లని మడ్డి కడుతున్నంత కాలం ఉప్పు మిగిలి ఉన్నట్టే.

ఆపైన టానిక్ ఆమ్లం పూస్తే, మిగిలిన సన్నని తుప్పు నల్లని ఐరన్ టానేటుగా స్థిరపడుతుంది. ఇది మనకు కొత్త రసాయనం కాదు. పొరుగున కృష్ణా డెల్టాలోని పెడనలో కరక్కాయ నీటిలో తడిపిన బట్టపై, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన ద్రావణం అద్దితే వచ్చే కలంకారీ నలుపు ఇదే. కరక్కాయలో ఉన్నవి టానిన్లే, అంటే టానిక్ ఆమ్లం జాతి పదార్థాలే. బాగుపడిన ఊచ మీద ఆ నలుపు చూసినప్పుడల్లా నాకు ఆ బట్టే గుర్తుకొస్తుంది.

ఇత్తడి బందుకు ఇనుప మరమేకు బిగిస్తే రెండు లోహాలూ ఉప్పుతేమలో బ్యాటరీలా పనిచేసి ఇనుము త్వరగా తినిపోతుంది. ఇత్తడి మరమేకే వాడాలి.

పశువుల పాకను ఆనుకుని ఉన్న తలుపుల గురించి ఒక ప్రత్యేక జాగ్రత్త చెప్పాలి. మన దేశంలో బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా తొడుగులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పగుళ్ళు తెచ్చాయని 1921లో వివరించారు. సాగగొట్టి చేసిన ఇత్తడి రేకులపై వెంట్రుకవంటి చీలికలు కనిపిస్తే ఈ కారణాన్నీ అనుమానించాలి, అమ్మోనియా ఉన్న పాలిష్‌లను దూరం పెట్టాలి, పగిలిన రేకును సుత్తితో సరిచేయబోక వెనుక మరో పలుచని ఇత్తడి రేకు ఆనించి నిలబెట్టాలి.