కృష్ణానది మీ జేజి చీర అంచు

పెద్దోడికీ చిన్నమ్మకూ తాత దీవెనలు.

మొన్న ఆదివారం ఫోన్‌లో పెద్దోడు అడిగినదానికి నేనింకా జవాబు బాకీ ఉన్నాను. "తళ్ళికోటలో ఎవరు గెలిచారో మా సోషల్ పుస్తకంలోనే ఉంది కదా తాతా, మీరంతా కూర్చుని బొమ్మల సైన్యాలతో ఆ యుద్ధం మళ్ళీ మళ్ళీ ఆడేది ఎందుకు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మీ జేజి ఫోన్ లాక్కుని, దగ్గు తగ్గిందా, కాలేజీ పిల్లలు పైమిద్దెలో గోల చేస్తున్నారా అని అర్ధగంట మాట్లాడింది. చివరికి నా వంతు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. అయినా అది ఫోన్‌లో తేలే సంగతి కాదులే. చిన్నమ్మా, నీకు పొడుగు మాటలు చదవడం కష్టమైతే అన్న చేత చదివించుకో. వాడు మధ్యలో పేరాలు దాటేస్తాడు, చూసుకో.

మా మిద్దె మీద గది మీకు తెలుసు. రెండు బల్లలు కలిపి వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాని మీద పచ్చ దుప్పటి. దుప్పటి కింద పాత పుస్తకాలు దూరిస్తే గుట్టలు. కృష్ణానది మాత్రం మీ జేజి ధర్మవరం చీర అంచు. నీలం అంచు, మధ్యలో సన్నటి జరీ. ట్యూబులైటు వేస్తే ఆ జరీ నీళ్ళ మీద ఎండలా మెరుస్తుంది. చీర చిరిగిపోయిందనుకుని నేను కత్తిరించాను. చిరగలేదట. నాలుగేళ్ళయినా ఆ కేసు ఇంట్లో నడుస్తూనే ఉంది.

ఆ నది ఒడ్డున నిలబెట్టేవి పదిహేను మిల్లీమీటర్ల బొమ్మలు. పాదం నుంచి కంటి దాకా అంత ఎత్తన్నమాట, మీ చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దవి. ముందు నల్లరంగు కొట్టి ఆరబెట్టాలి. ఆ పైన బట్టల రంగు, ఒంటి రంగు. ఆ తర్వాత బాగా పలచన చేసిన గోధుమ రంగు పోస్తే అది మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. చివరి పని నాకు చాలా ఇష్టం. బ్రష్షును వెండి రంగులో ముంచి, పాత పేపరు మీద దాదాపు అంతా తుడిచేసి, ఆ ఎండు బ్రష్షుతో కవచం మీద అటూ ఇటూ రాస్తే, అప్పటిదాకా కనబడని ఉంగరాలన్నీ ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఒక్క బొమ్మకు అరగంట పడుతుంది. విజయనగరాన్ని నడిపిన రామరాయల పల్లకీకి మాత్రం రెండు రాత్రులు పట్టింది. దాని బొంగులు ఊదుబత్తి పుల్లలు, పైన గొడుగు మీరు పారేసిన చాక్లెట్ కాగితం.

మొదటి సైన్యం ఇప్పుడు లేదు. అది కింద గదిలో, మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు మన ఇంటి కింది భాగమంతా మునిగింది. నీళ్ళు తీశాక బురదలో వెతికితే ఏనుగులు దొరికాయి, మావటీలు దొరకలేదు. మీ నాయన అప్పుడు నన్ను తిట్టాడు, ఇంట్లో బియ్యం లేకుంటే నువ్వు బొమ్మలు ఏరుకుంటున్నావా అని. తిట్టడం న్యాయమే.

రెండో సైన్యానికి రంగులు వేసేటప్పుడే నాకు అసలు పాఠం దొరికింది. విజయనగరం వాళ్ళందరికీ కాషాయం, వాళ్ళ మీదికొచ్చిన దక్కన్ సుల్తానుల వాళ్ళందరికీ పచ్చ వేసి, వరసగా పెట్టి మురిసిపోతున్నాను. మా టైలరు మామ వచ్చి చూశాడు. (బడి యూనిఫారాలు కుడతాడే, ఆయనే. చిన్నమ్మకు గుడ్డముక్కలతో ఏనుగును కుట్టి ఇచ్చాడు.) "ఇది యుద్ధమా, ఎలక్షన్ ఊరేగింపా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం ఊరుకోలేదు. ఆదివారం బస్సెక్కించి నన్ను లేపాక్షికి తీసుకుపోయాడు. అక్కడ మండపం పైకప్పు మీద విజయనగర కాలపు బొమ్మలున్నాయి, తళ్ళికోట కంటే ముందు వేసినవి. అందరూ శివపార్వతుల్ని చూస్తుంటే ఈయన మెడ వెనక్కి వాల్చి, వేలు పైకి చూపిస్తూ కుట్లు లెక్కపెడుతున్నాడు. "ఆ పొడుగు టోపీ చూడు, కుల్లాయి. ఆ నిలువు చొక్కా కబాయి. చేతికి అతుకు ఎక్కడ వేశారో చూడు. తురకల దేశాల నుంచి వచ్చిన కట్టు ఇది. మీ రాజుగారి కొలువులో పెద్దలంతా ఇదే తొడిగినారు" అన్నాడు. నిజమే కదా, శ్రీనాథుడంతటి కవి విజయనగరానికి పోయి కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని చాటుపద్యంలో మొర పెట్టుకున్నాడు. ఆ పద్యం నాకు బడి రోజుల నుంచీ నోటికొచ్చు. వచ్చి ఏం లాభం? బొమ్మకు రంగు వేసేటప్పుడు గుర్తు రాలేదు.

వచ్చేటప్పుడు పెనుకొండ మీదుగా వచ్చాం. తళ్ళికోట తర్వాత రామరాయల తమ్ముడు తిరుమల రాయలు, పేరుకు చక్రవర్తి అయిన సదాశివరాయల్ని తీసుకుని, ఖజానా ఏనుగుల మీద వేసుకుని చేరింది ఆ కొండకే. బస్సు కిటికీలోంచి టైలరు మామ ఆ కొండను చూస్తూ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నేను ఎనభై బొమ్మల రంగు గీకేసి మళ్ళీ వేశాను.

ఇక ఆట. చదరంగంలా గళ్ళుండవు, టేపుతో కొలిచి జరుపుతాం. ఒక అట్టముక్క మీద ఎనిమిది బొమ్మలు అతికిస్తే మా లెక్కలో ఐదువందల మంది. కాల్బలం ఒక వంతుకు నాలుగంగుళాలు, గుర్రాలు ఎనిమిది. దెబ్బ తగిలిందా లేదా పాచిక చెబుతుంది. దెబ్బ తిన్న దళం నిలబడుతుందా, పారిపోతుందా అన్నదానికి ఇంకోసారి పాచికలు వేయాలి. మేం దాన్ని గుండె పరీక్ష అంటాం. మెడికల్ షాపు మామ ఈసీజీ అంటాడు. ఏనుగుకు గాయమైతే మరీ టెన్షన్. అది ఎటు పరిగెత్తాలో కూడా పాచికే చెబుతుంది, సొంత సైన్యం మీదికైనా సరే.

ఇది మేం కనిపెట్టింది కాదు. ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి 1824లో మ్యాపులతో, పాచికలతో ఇలాంటి ఆట తయారుచేస్తే అక్కడి సైన్యం తన ఆఫీసర్ల చేత ఆడించింది. ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ అనే రచయిత 1913లో సీసపు బొమ్మలకు, స్ప్రింగు ఫిరంగులకు నియమాలు రాసి పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే అసలు యుద్ధం వచ్చిపడింది.

ఇప్పుడు పెద్దోడి ప్రశ్న. ఎవరు గెలిచారో పుస్తకంలో ఉంది, సరే. ఎందుకు గెలిచారు? పరీక్షలో అయితే నాలుగు కారణాలు రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకోవచ్చు. బల్ల మీద అట్లా కుదరదు. ప్రతి కారణాన్నీ ఒక నియమంగా మార్చి, దానికి ఎన్ని పాచికలో తేల్చాలి. అక్కడ మొదలవుతుంది మా కొట్లాట.

1565 జనవరి. కృష్ణ దాటడానికి సుల్తానులు ముందు ఒక రేవు వైపు నడిచినట్టు నటించి, విజయనగరం వాళ్ళు అటు కదలగానే రాత్రికి రాత్రి వెనక్కి వచ్చి దాటారు. దీనికి మేం చేసే ఏర్పాటు సులభం: నది ఒడ్డున మొదటి మూడు వంతులూ బొమ్మలుండవు, బోర్లించిన చీటీలుంటాయి. ఏ చీటీ కింద సైన్యముందో, ఏది ఉత్తదో అవతలివాడికి తెలియదు. తర్వాత ఫిరంగులు. నలభై ఏళ్ళ తర్వాత బీజాపూరు కొలువులో చరిత్ర రాసిన ఫెరిష్టా వాటి గురించి వివరంగా చెప్పాడు. అహ్మద్‌నగర్ నిజాం షా వైపు ఆరువందల ఫిరంగులు, మూడు వరసలు, అవి కనబడకుండా ముందు రెండువేల మంది విలుకాళ్ళు. విజయనగరం దళాలు దగ్గరికొచ్చేదాకా ఆగి విలుకాళ్ళు పక్కకు తప్పుకున్నారట. గుండ్ల బదులు రాగి డబ్బుల సంచులు కూరి పేల్చారని కూడా రాశాడు. మెడికల్ షాపు మామ ఆ వరస కోసం నిజంగానే పాత పైసా బిళ్ళలు పెట్టాడు. రామరాయలు ముసలితనంలో పల్లకీలో కూర్చుని యుద్ధం నడిపాడు. ఒక ఏనుగు మీదికొచ్చేసరికి బోయీలు పల్లకీ వదిలేసి పరిగెత్తారు, ఆయన పట్టుబడ్డాడు, తల తీశారు. ఆ తల చూడగానే సైన్యమంతా చెదిరిపోయింది. గుండె పరీక్షల్లో అంత పెద్దది ఇంకోటి లేదు.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ద్రోహం దగ్గర. సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు 1567లో విజయనగరం వచ్చి ఏడు నెలలున్నాడు. రామరాయల దగ్గరున్న ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో అటు తిరిగిపోయారని ఆయన రాశాడు. ఫెరిష్టా ఆ మాటే ఎత్తలేదు. మేం మొదట్లో ఆరో వంతులో రెండు దళాలు వాటంతట అవే పక్షం మారతాయని నియమం పెట్టుకున్నాం. టైలరు మామ రెండు ఆటలు మౌనంగా ఆడి, మూడోసారి టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఫిరంగికి పాచిక ఇచ్చినారు. ఏనుగుకు పాచిక ఇచ్చినారు. ద్రోహానికి మాత్రం పాచిక లేదు, ఖాయం. ఎందుకబ్బా?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కుర్రతనంలో ప్రాణభయంతో పారిపోయి వస్తే ఏడేళ్ళు విజయనగరంలో అన్నం పెట్టి కాపాడింది రామరాయలే. బీజాపూరు ఆలీ ఆదిల్ షా, రామరాయలు కలిసి అహ్మద్‌నగర్ మీదికి దండెత్తిన రోజులూ ఉన్నాయి. సుల్తానుల సైన్యాల్లో మరాఠా దళాలుండేవి, రామరాయల సైన్యంలో ముస్లిం దళాలుండేవి. ఎవరు ఎప్పుడు ఎటు తిరుగుతారో మతాన్ని బట్టి ముందే రాసిపెట్టుకుంటే ఇక ఆట ఎందుకు?

అప్పటినుంచి కవరు పద్ధతి పెట్టాం. ఆట మొదట్లో రెండు కవర్లు కలిపేసి ఒకటి తీసి బల్ల మూల పెడతాం. ఒకదాంట్లో "ఉంది" అని ఉంటుంది, ఇంకోదాంట్లో "లేదు" అని. ఆరో వంతులో విప్పాలి. పోయిన ఏడాది నేను రామరాయల పక్షం. ఆ రెండు దళాల మీద నాకు నమ్మకం లేదు. ఎందుకైనా మంచిదని వాటిని వెనక, ఈ మూల గుట్ట చాటున పెట్టి, వాటి మీద కాపలాకు ఇంకో దళాన్ని పెట్టాను. అంటే మూడు దళాలు యుద్ధంలో లేనట్టే. ఐదో వంతుకు నా ఎడమ పక్క కుప్పకూలింది. ఆరో వంతులో కవరు విప్పితే "లేదు" అని ఉంది. టైలరు మామ ఏమీ అనలేదు. ఆ కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పటిదాకా తళ్ళికోట ఐదుసార్లు ఆడాం. విజయనగరం రెండుసార్లు గెలిచింది. యుద్ధం రోజు పొద్దున అక్కడున్న వాళ్ళెవరూ మీ సోషల్ పుస్తకం చదవలేదు రా పెద్దోడా. నేనేమో చదివి కూడా ఆ కవరుకు భయపడ్డాను.

అన్నీ ఇట్లా బరువైన ఆటలే కావు. పండగకొక ఆట ఉంటుంది. డిసెంబరులో 1914 క్రిస్మస్ ఆడతాం. బెల్జియంలో ఇంగ్లీషు, జర్మన్ సిపాయిలు కందకాల్లోంచి బయటికొచ్చి సిగరెట్లు, గుండీలు మార్చుకున్న రోజు. ఆ ఆటలో తుపాకీ పేల్చినవాడు ఓడినట్టు. వినడానికి సులభం, ఆడితే తెలుస్తుంది, అవతలి బొమ్మ పది అంగుళాల దూరంలోకి వచ్చేసరికి చెయ్యి పాచిక మీదికే పోతుంది. దేవరగట్టు దసరా కర్రల సమరం ఆడదామని ఒకసారి మెడికల్ షాపు మామ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ ఏటా నిజంగా తలలు పగులుతున్నాయి. ఆ కుట్లకు దూది, మందు అమ్మేది ఆయన అంగట్లోనే, ఆయనకు నేను చెప్పాలా?

దీపావళికి నరకాసురుడు. అందులో కృష్ణుడు మూర్ఛపోయాక యుద్ధమంతా సత్యభామదే. మామూలుగా ఏ బొమ్మయినా వెనక్కి తిరగాలంటే సగం నడక పోతుంది. సత్యభామకు ఆ లెక్క లేదు. పోతన భాగవతంలో ఆవిడ ఒకే సమయంలో పగవాణ్ణి కోపంగా, మొగుణ్ణి నవ్వుతూ చూసింది కదా, అందుకని రెండు వైపులా బాణం వేయొచ్చని నియమం రాశాం. ఇన్ని బలాలున్నా పోయినసారి చిన్నమ్మ నరకాసురుడి పక్షాన వరసగా మూడు ఆరులు వేసి గెలిచేసింది. గెలిచి, ఇక దీపావళి ఉండదేమో అని ఏడుపు. జేజి వచ్చి, టపాకాయలు మీ తాత ముందే కొనేశాడు, ఎవరు గెలిస్తే మనకేం అని లాక్కుపోయింది.

దసరా సెలవులకు వస్తున్నారు కాబట్టి ముందే చెబుతున్నా. ఈసారి రామరాయలు పెద్దోడు. టైలరు మామ నిజాం షా. కవర్లు కలిపేది చిన్నమ్మ, ఎందుకంటే నేను కలిపితే ఎవరూ నమ్మడం లేదు. వచ్చేటప్పుడు మీ పాత టూత్‌బ్రష్షులు పారేయకుండా తీసుకురండి, గుట్టల మీద మట్టిరంగు చిలకరించడానికి అంత బాగా పనికొచ్చేవి ఇంకోటి లేవు. జేజి ముందు మాత్రం చీర సంగతి ఎత్తకండి.

మీ తాత,
కర్నూలు